నాంచారి పేరు దింపుడు

ఆషాఢం, సోమవారం. తూర్పు గాలి. ఉప్పు ఎక్కువ.

పని వెతుక్కునేవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలని ఉపాధి కేంద్రం వాళ్ళ నియమం. రాయకపోతే నాచు రొట్టెలు తగ్గించేస్తారు. ఉత్సాహంగా రాయాలని కూడా బోర్డు మీద పెట్టారు. సరే, ఉత్సాహంగానే రాస్తున్నాను. నా పేరు నాంచారి. ఈ రోజు కూడా నాకు పని దొరకలేదు.

పొద్దున్న కట్ట మీది ఇళ్ళ కప్పులెక్కి ఎండపలకలు తుడిచాను. సముద్రం ఊళ్ళోకి వచ్చి కూర్చున్నాక ఇక్కడ గాలి కూడా ఉప్పే. తెల్లారేసరికి పలకల మీద పొరలా పేరుకుంటుంది. కొబ్బరిపీచుతో రుద్దకపోతే ఆ ఇంట్లో దీపం వెలగదు. ఈ పనికి పదో తరగతి పాస్ అక్కర్లేదు, ఎందుకంటే కొబ్బరిపీచుకి తెలివి లేదు. మిగతా పనిముట్లన్నిటికీ తెలివి వచ్చేసింది.

మధ్యాహ్నం ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. మేస్త్రీ నా చేతికి పానా ఇచ్చి ఒక బోల్టు బిగించమన్నాడు. తగిలించి తిప్పితే పిడి ఊరికే గిరగిరా తిరిగింది, తల మాత్రం కదల్లేదు. ఎర్ర దీపం వెలిగింది. పాస్ లేని వేలు తగిలితే ఇప్పటి పానాలు అంతే.

"నువ్వు చెయ్యగలవని నాకు తెలుసమ్మా. పానాకి తెలియాలి కదా," అన్నాడు మేస్త్రీ.

ఆయన మంచివాడే. టీ కూడా ఇప్పించాడు. మంచివాళ్ళు ఇప్పించే టీలతోనే నా కడుపు నిండిపోతోంది ఈ మధ్య.

ఆషాఢం, గురువారం. గాలి లేదు. ఉక్క.

మమ్మల్ని ఊళ్ళో మునిగిన బ్యాచ్ అంటారు. మాకు పరీక్షలు జరుగుతుండగా నీళ్ళొచ్చాయి. తర్వాత బడిని మిట్ట మీదికి మార్చారు. బల్లల్ని మార్చారు, గంటని కూడా మోసుకెళ్ళారు. మా పరీక్ష సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పదిహేడు నిండాక మళ్ళీ రాయనివ్వరు. పాఠం చెప్పే యంత్రం ఆ వయసు దాటిన గొంతు వింటే నోరు మూసుకుంటుంది. నాకు ముప్పై దాటాయి. ఇంకా పీచు రుద్దుతున్నాను.

మా అక్క మాణిక్యం నాకంటే రెండేళ్ళు పెద్దది, నీళ్ళు రాకముందే పాసైపోయింది. పంపుహౌసులో పని చేసింది. ఊపిరితిత్తుల్లోకి ఉప్పు చేరి ఇప్పుడు ఇంట్లో ఉంది. మేముండే ఈ క్వార్టరు ఆమె పాస్ మీద వచ్చిందే. ఆస్పత్రిలో ఆమెకి ఆవిరి మంచం ఉంది, అదీ పాస్ మీదే. రోజు మార్చి రోజు తీసుకెళ్ళి పడుకోబెడతాను. వెళ్ళేటప్పుడు నా భుజం మీద వాలిపోయి వస్తుంది, తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా నన్ను తిడుతూ వస్తుంది. ఆ తిట్లు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఆ మంచం ఉంటే వచ్చే ఏడాది వానల దాకా ఢోకా లేదని డాక్టరు అన్నాడు. వచ్చే వానల తర్వాత ఏమిటని మేమిద్దరం అడగలేదు.

శ్రావణం, ఆదివారం. వాన పడినట్టే పడి ఆగింది.

అక్క కూతురు పావని రెండో తరగతి. అది వీధిలో ఆడుకోవడానికి వెళ్ళేదాకా ఆగి, అక్క నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఒసే, నేను పోతే ఈ ఇల్లు ఎవరిది?"

"ఎవరిదైతే ఏంటి, పడుకో."

"నీది కాదు. పావనిదీ కాదు. తాళం దానంతటదే పడిపోద్ది. పిల్లని తీసుకెళ్ళి మిట్ట మీద హాస్టల్లో ఏస్తారు. నువ్వు కప్పుల మీద పీచు రుద్దుకుంటా ఏడాదికోసారి ఎల్లి చూసొస్తావు, అంతేనా?"

ఈ మాటలన్నీ నేను కప్పుల మీద కూర్చుని వందసార్లు అనుకున్నవే. బావ ఏ దీవిలో ఏ సంసారంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు.

"నా పేరు తీసుకో," అంది.

మా దగ్గర ఇది కొత్తేమీ కాదు. చదువు ఒకరి నుంచి ఇంకొకరికి మారదని చట్టం. కానీ మనుషులు మాత్రం పేరులోంచి పేరులోకి మారొచ్చు, తోడబుట్టినవాళ్ళైతే చాలు. నేను మాణిక్యాన్ని అవుతాను. నా వేలికి పాస్ వస్తుంది, ఇల్లు వస్తుంది, పావనికి తల్లినవుతాను. అక్క నాంచారి అవుతుంది.

"మరి ఆస్పత్రి మంచం?" అన్నాను.

"ఇంట్లో మంచం లేదా ఏంటే?"

"నాంచారికి ఆవిరి ఎవడిస్తాడు? వచ్చే ఏడాది వానలు కాదు కదా, వచ్చే నెల కూడా చూడవు నువ్వు!"

"గట్టిగా అరవమాక, పిల్ల ఇంటది," అంది.  

శ్రావణం, మంగళవారం. తూర్పు గాలి.

అక్క తిండి మానేసింది. నేను ఒప్పుకునేదాకా మెతుకు ముట్టదట. చిన్నప్పుడు కూడా ఇంతే, రిబ్బను కోసం కూడా ఇలాగే మొండికేసేది.

చివరింటి ఎలీషా తాత దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన వాళ్ళ అన్న పేరులోకి మారిన మనిషి. పడవల మరమ్మతు పని చేసి పింఛను తీసుకుంటున్నాడు.

"మొదట్లో ఎవరన్నా ఎలీషా అని పిలిస్తే మా అన్న వచ్చాడేమోనని ఎనక్కి తిరిగి చూసేవాణ్ణి పిల్లా," అన్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు తిరగను. అదే నా బాధ."

అసలు పేరేమిటని అడిగాను. చెబితే పింఛను ఆగిపోతుందన్నాడు. కాసేపు వల అల్లుకుని, చెబుదామన్నా నోటికి రావట్లేదులే అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మంచి పని కావాలని నేను ఇన్నేళ్ళు తిరిగాను, నిజమే. ఆ పని మా అక్క ఊపిరి తీసి నాకిస్తారంటే వద్దు. ఇది ఉపాధి కేంద్రం వాళ్ళు చదువుతున్నా సరే, రాస్తున్నాను. వద్దు.

శ్రావణం, శుక్రవారం. ఉక్క.

ఒక ఉపాయం దొరికింది. పేరు దింపుడు తంతు జరిగేటప్పుడు క్వార్టర్ల లైనులోవాళ్ళంతా చాపల మీద కూర్చుని, ఒక్కొక్కరూ మారబోయే మనిషిని పాత పేరుతో ఒక్కసారి పిలుస్తారు. ఆ మనిషి ప్రతి పిలుపుకీ పలకాలి. అందరికంటే చివర తోడబుట్టినవాళ్ళు పిలుస్తారు. ఆ పిలుపుకి కూడా పలికితే పేరు దిగినట్టే. ఇక ఆ పేరుతో ఎవరు పిలిచినా పలకకూడదు. కానీ ఆ ఆఖరి పిలుపుకి నోరు మెదపకుండా ఊరుకుంటే మార్పిడి రద్దవుతుంది. మళ్ళీ ఏడాది దాకా అడగడానికి వీల్లేదు.

కాబట్టి సరేనంటాను. అందరికీ పలుకుతాను. అక్క పిలిచినప్పుడు పళ్ళు బిగపట్టుకుని కూర్చుంటాను. రెండు నిమిషాల పని. అక్క నన్ను తిడుతుంది, నెల రోజులు మాట్లాడదు, మాట్లాడకపోయినా బతికి ఉంటుంది. పావని సంగతి వచ్చే వానల నాటికి చూసుకోవచ్చు.

ఒప్పుకున్నానని చెప్పగానే అక్క లేచి కూర్చుని గంజి తాగింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయాను.

శ్రావణం, బుధవారం. ఎండ.

రాయాలనిపించడం లేదు. అయినా రాస్తాను.

రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా పొద్దున్నే వచ్చి, పిలుపులు వినే పెట్టెని గడపలో పెట్టాడు. లైనులోవాళ్ళంతా వచ్చారు. పక్కింటి వెంకాయమ్మ పిలిచింది. ఎదురింటివాళ్ళు పిలిచారు. నేను "ఆఁ" అంటూ పోయాను. మొదట నవ్వొచ్చింది, హాజరు వేస్తున్నట్టుంది కదా అని. సగం మంది అయ్యేసరికి నవ్వు పోయింది. నా పేరుని అంతమంది అంత మెల్లగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. ఎలీషా తాత నా వంక చూడకుండా పిలిచాడు.

"ఇక అక్కగారే," అన్నాడు గుమాస్తా.

నేను పళ్ళు బిగపట్టాను. అక్క మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. చెయ్యి ఎత్తి ఆగమంది.

"ఊపిరి అందట్లేదు బాబూ. కాసేపాగి పిలుస్తాను. ముందు వచ్చినోళ్ళకి టీలు ఇవ్వవే, ఎంతసేపు కూర్చోబెడతావు!"

నిజమే కదా అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. గ్లాసుల్లో పోస్తున్నాను. అవతల అక్కకి దగ్గు తెర వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే, కానీ ఆగడం లేదు. ఆ దగ్గులోంచే కేక వేసింది.

"నాంచారీ! నీళ్ళియ్యవే!"

"ఆఁ, వస్తన్నా అక్కా!" అన్నాను.

గడపలో పెట్టె సన్నగా మోగింది.

నేను నీళ్ళ గ్లాసుతో బయటికొచ్చేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది. గుమాస్తా తల దించుకుని వైర్లు చుట్టుకుంటున్నాడు. అక్క మాత్రం నా వంక చూసి నవ్వుతోంది.

"పుట్టిన కాడి నుంచీ పిలుస్తున్నా. ఒక్కసారన్నా పలక్కుండా ఉన్నావా నువ్వు?" అంది.

గ్లాసు ఆమె చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. కోపంతో ఏడ్చానో దేనికి ఏడ్చానో తెలియదు. తర్వాత వెంకాయమ్మ చెప్పింది, అక్క ఆ నీళ్ళన్నీ తాగిందట. దాహం మాత్రం నిజంగానే వేసిందట.

శ్రావణం, శనివారం. పడమటి గాలి.

చట్టప్రకారం ఇప్పుడు నాంచారి అంటే అక్క. పని వెతుక్కుంటున్నది అక్క. కాబట్టి ఈ రాత కూడా అక్కే రాయాలి. ఆమె చెబుతుంటే నేను రాస్తున్నట్టు పెట్టమంది. ఉత్సాహంగా ఉన్నానని రాయవే అంటోంది.

ఈ రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కుదరదని తెలిసే తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర అక్క వేలు పెడితే, నాంచారి, పాస్ లేదు, కుడివైపు వరుసలో నిలబడండి అని వచ్చింది. నేను వేలు పెట్టాను.

"మాణిక్యం గారూ, మీ ఆవిరి మంచం సిద్ధంగా ఉంది," అంది గుమ్మం, ఎంతో మర్యాదగా.

లోపల ఆ మంచం ఖాళీగా ఉంది. నర్సు చెయ్యి పట్టుకుని బతిమాలాను. "ఎవరూ పడుకోట్లేదు కదమ్మా, ఒక్క గంట పడుకోనివ్వు."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, సరే మీ ఇష్టం అన్నట్టు పక్కకి జరిగింది. నా వేలు పెట్టి అక్కని పడుకోబెట్టాను. ఆవిరి మొదలైంది. అక్క రెండు మూడుసార్లు లోపలికి పీల్చుకుంది, మొహం తేటపడింది. అంతలోనే మంచానికి మనిషి వేరని తెలిసిపోయి ఆవిరి ఆగిపోయింది.

"చాల్లే, బాగానే ఉంది. ఎండెక్కకముందే ఎల్దాం పద," అంది అక్క.

దారిలో తిట్టలేదు. ఎంత దూరం నడిచినా తిట్టలేదు. ఏదో ఒకటి తిట్టవే అని నేనే అడిగాను.

శ్రావణం, చివరి సోమవారం. గాలి ఎటో తెలియలేదు.

పని దొరికింది.

కాలవ అవతల గాలిలోంచి మంచినీళ్ళు పిండే గోపురం ఉంది. అక్కడ కవాటాలు చూసే మనిషి కావాలన్నారు. వెళ్ళాను. పేరడిగారు. మాణిక్యం అన్నాను. పానా చేతికిచ్చారు. బోల్టుకి తగిలించి తిప్పాను. పచ్చ దీపం వెలిగి, అది గట్టిగా పట్టుకుంది. ఇనుము ఇనుముని పట్టుకున్నప్పుడు మోచేతి దాకా తెలుస్తుంది. నాకు సంతోషమేసింది. వెయ్యకూడదు, కానీ వేసింది. దాచుకోలేను.

అక్కడ నీడ ఉంది. కూర్చోవడానికి బల్లలున్నాయి. పూటకి వేడన్నం పెడతారు, దినం ముగిశాక ఒక క్యాను మంచినీళ్ళు ఇస్తారు. నన్ను మీరు అంటున్నారు. కప్పుల మీద నన్ను ఎవరూ అసలు పిలిచేవారే కాదు.

ఇంటికొచ్చి చెబితే అక్క అన్నీ అడిగింది. పానా ఎంత పొడుగుంది, ఎడమకి తిప్పావా కుడికా, ఎలా పట్టుకున్నావని. చేత్తో చూపించాను. మళ్ళీ చూపించమంది. ఆయాసానికి మాట రావట్లేదు, వేలితోనే ఇంకోసారి అని సైగ చేసింది. నేను గాలిలో పానా తిప్పుతూ కూర్చున్నాను, ఆమె చూస్తూ పడుకుంది.

భాద్రపదం, గురువారం. వాన.

అక్క పోయింది. నేను పనిలో ఉండగా, పగటిపూట. పక్కన వెంకాయమ్మ ఉందట. కష్టపడలేదని చెప్పింది. అబద్ధమని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. అబద్ధమైనా ఆమె చెప్పినందుకు దండం పెట్టాలనిపించింది.

నేను వచ్చేసరికి లైనంతా మా ఇంటి ముందే ఉంది. అందరూ నా పేరు పెట్టి ఏడుస్తున్నారు. నాంచారీ, అప్పుడే పోయావా నాంచారీ అని. పెట్టె మోగిన దగ్గర నుంచి వాళ్ళకి ఆమె నాంచారే. చట్టాన్ని పాటించే మనుషులు, ఏడుపులో కూడా పొరపాటు చెయ్యరు. నేను గుమ్మంలో తడిసిన బట్టలతో నిలబడిపోయాను. నన్ను పిలుస్తున్నట్టే ఉంది. గొంతు దాకా పలుకు వచ్చింది, మింగేశాను.

పావని వచ్చి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"పిన్నీ, అందరూ నీకోసం ఎందుకేడుస్తన్నారు?" అంది.

కాటి దగ్గర పోయినవాళ్ళ పేరు చెప్పమన్నారు. నాంచారి అని చెప్పాను. మీకేమవుతారన్నారు. చెల్లెలన్నాను. మా అక్కని అక్కా అని పిలిచి ఏడవడానికి కూడా లేకుండా పోయింది నాకు. ఆమె పేరు పెట్టి ఏడ్చిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. పంపుహౌసులో అన్నేళ్ళు చేసిన మాణిక్యానికి ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఆ పేరు ఇదిగో, నా ఒంటి మీద తిరుగుతోంది.

భాద్రపదం, మంగళవారం. వాన తెరిపిచ్చింది.

పావనిని బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళాను. ఎవరొచ్చారో పిల్ల నోటితో చెబితేనే అక్కడి గేటు తెరుచుకుంటుంది. అమ్మ అని చెప్పాలని ఇంట్లో ఎన్నోసార్లు నేర్పాను. అది గేటు వెనక నన్ను చూస్తూ నిలబడింది. వెనక పిల్లలు తోసుకుంటున్నారు. అమ్మ అనలేదు. పిన్ని అంటే తెరుచుకోదని దానికి తెలుసు.

చాలాసేపటికి, "మాణిక్యం," అంది.

గేటు తెరుచుకుంది. ఇంట్లో అన్నం కలిపి పెడితే తినేసి నా ఒళ్ళోనే పడుకుంది.

భాద్రపదం, ఆదివారం. ఎండ. ఉప్పు తక్కువ.

పోయినవాళ్ళ పేరు మూసెయ్యడానికి కొన్నాళ్ళు గడువిస్తారు. నాంచారికి ఇచ్చిన గడువు ఈ రోజుతో అయిపోతుంది. రేపటి నుంచి ఇక్కడ రాయడానికి వీలుండదు. రాయాల్సింది పెద్దగా ఏమీ లేదు కూడా.

ఈ రోజు గోపురంలో కొత్తగా చేరిన అమ్మాయి నా పక్కన అన్నానికి కూర్చుంది. ఉత్తరాన ఏదో తేలే ఊరి నుంచి వచ్చిందట, ఇక్కడి సంగతులేవీ తెలియవు. వసపిట్టలా వాగుతూనే ఉంది.

"మీకు అక్కచెల్లెళ్ళున్నారా అక్కా?" అని అడిగింది.

"ఒక చెల్లెలుండేది. పోయింది."

"అయ్యో! ఏం చేసేది?"

"పని వెతుక్కునేది. పదో తరగతి పాస్ కాలేదు."

"పాపం. దొరికిందా మరి?"

"దొరికింది. మంచి పనే."

"పోన్లే అక్కా, పోయేముందు ఆ సంతోషమన్నా చూసింది," అంది ఆ అమ్మాయి.

చూసిందన్నాను.